ఆమె ఊదింది స్కాట్లండ్ పైపు కాదు

నా భార్య పోయిన నెల ఒక గురువారం సాయంత్రం, ఆస్ట్రేలియాలో, కాన్‌బెరా గంగాలిన్‌లోని మా ఇంట్లోనే పోయింది. ఆ రోజు ఇలా గడిచింది. పొద్దున నర్సు వచ్చి మందు మార్చి వెళ్ళింది. మా అమ్మాయి ముందురోజే పెర్త్ నుంచి వచ్చింది; తల్లికి తల దువ్వి జడ వేసింది. మధ్యాహ్నం ఆమె రెండు చెంచాల మజ్జిగ తాగింది. కిటికీ తెరవమంది. చలిగా ఉందని కాసేపటికి మూయబోతే వద్దంది. తరవాత బొంబార్డ్ అనే సన్నాయిలాంటి వాద్యం ఊదే పెద్దాయన వచ్చాడు. ఫ్రాన్స్ పడమటి కొసన ఉన్న బ్రెటనీ ఆయన ఊరు. ఏళ్ళ తరబడి ఆమెతో జంటగా వాయించిన మనిషి. ఆమె తన వాద్యాన్ని మంచం మీద పెట్టమంది. బొటనవేలితో సంచి తోలు తడిమి, ఆయన్ని ఇంగ్లీషులో కోప్పడింది: "ఎండిపోతోంది. మీరెవరూ ముట్టుకోవడం లేదు." ఆయన తల వంచుకున్నాడు. నాతో తెలుగులో అంది: "ఏవండీ, దీన్ని ఊదేవాళ్ళకివ్వండి. చూసేవాళ్ళకి కాదు." తరవాత నిద్రపోయింది. చీకటి పడేవేళకి ఊపిరి ఆగింది. ముందు గమనించింది మా అమ్మాయి. నేను కాదు.

ఆ రోజు గురించి ఇంతకన్నా చెప్పడానికి లేదు. ఆ తరవాత జరిగిన వాటి గురించే చెప్పవలసి వచ్చింది.

దహనానికి మా ఊరి తెలుగు సంఘం వాళ్ళు చాలామంది వచ్చారు. పనులన్నీ భుజాన వేసుకున్నారు. కృతజ్ఞుణ్ణి. అయితే పెట్టె లోపలికి తీసుకెళ్ళే ముందు తలుపు పక్క నుంచి ఒక యువకుడు వచ్చాడు. గళ్ళ లంగాలాంటి కిల్టు, మోకాళ్ళ దాకా మేజోళ్ళు, భుజం మీద మూడు పెద్ద గొట్టాల స్కాట్లండ్ బ్యాగ్‌పైపు. హాలంతా దద్దరిల్లేలా వాయించాడు. సంఘం కార్యదర్శి నా చెవిలో అన్నాడు:

"ఆంటీ కోసం అంకుల్. సర్‌ప్రైజ్. సిడ్నీ నుంచి పిలిపించాం."

బొంబార్డ్ పెద్దాయన వెనక వరసలో ఉన్నాడు. తన వాద్యం కోటు జేబులో పెట్టుకుని వచ్చాడు. దాన్ని బయటికి తీయకుండానే వెళ్ళిపోయాడు.

ఆ యువకుడిది తప్పు లేదు. చక్కగా వాయించాడు. స్కాట్లండ్ పైపు మీదా నాకు కోపం లేదు. కానీ ఒక సంగతి ఆలోచించండి. మీ ఇంట్లో జీవితమంతా వీణ వాయించిన మనిషి పోయింది. శవం దగ్గరికి ఎవరో ఒక గిటారు మనిషిని తెచ్చి, రెండూ తీగల వాద్యాలే కదా అన్నారు. మీకెలా ఉంటుంది?

మర్నాడు సంఘం గ్రూపులో సందేశం పెట్టారు. 'స్కాటిష్ బ్యాగ్‌పైప్ వాయించిన తొలి తెలుగు మహిళ.' స్కాటిష్ కాదు. తొలి అని లెక్కపెట్టింది ఎవరో తెలియదు. తెలుగు మహిళ అన్నది నిజం. ఆ ఒక్క నిజాన్నీ ఆమె బతికుండగా ఒప్పుకోవడానికి వాళ్ళకి కష్టమైంది. అదీ చెబుతాను.

మా అమ్మాయి ఫోన్‌లో అది చదివి, "డాడ్, ఎవ్రీబడీ హ్యాజ్ ఎ ఫోన్. ఒక్కరు కూడా చెక్ చెయ్యలేదా?" అంది. దానికి కోపం వచ్చినప్పుడు మాత్రం కాస్త తెలుగు వస్తుంది.

రేపు సంస్మరణ సభ. ఆ సభలో ఆమె వాద్యాన్ని నేను సంఘానికి అప్పగించాలని వాళ్ళు నిర్ణయించారు. అద్దాల పెట్టె తయారైంది. అందుకే ఈ రాత.

ఆమె వాయించిన దాని పేరు బినియు. దానిలో పాత రకం, బినియు కోజ్ అంటారు. బ్రెటన్ భాషలో కోజ్ అంటే పాతది అనే. చిన్న తోలు సంచి, ఊదడానికి ఒక గొట్టం, భుజం మీద ఒకే శ్రుతి గొట్టం, వేళ్ళ కింద జానెడు కూడా లేని పిల్లంగోవి. ఆ చిన్నదాని గొంతు వింటే పిట్ట అరిచినట్టు పైస్థాయిలో ఉంటుంది. దానికి జంట బొంబార్డ్. అది చూడటానికీ వినడానికీ మన సన్నాయికి చెల్లెలు. ఈ రెండూ విడివిడిగా వాయించే వాద్యాలు కావు. బొంబార్డ్ ఒక వరస ఎత్తుకుంటుంది, బినియు కూడా కలుస్తుంది. ఆ వరస అయిపోగానే బొంబార్డ్ ఆగిపోతుంది. అదే వరసని బినియు ఒక్కటే మళ్ళీ చెబుతుంది. చివరి రెండు మూడు స్వరాల దగ్గర బొంబార్డ్ వచ్చి అందుకుంటుంది. బొంబార్డ్ ఊదడానికి చాలా బలం కావాలి, అందుకని దానికి మధ్యమధ్య విశ్రాంతి. బినియుకి లేదు. నా భార్య అనేది: "పాట ఎత్తుకున్నవాడికి ఊపిరి తీసుకునే వీలుంటుంది. జవాబు చెప్పేదానికి ఉండదు."

ఆమె బాపట్ల దగ్గరి ఒక ఊళ్ళో సన్నాయి మేళం వాళ్ళ అమ్మాయి. ఆ మాట చెబితే కులం చెప్పినట్టే. చెప్పనక్కర్లేదు, మనవాళ్ళకి తెలిసిపోతుంది. వాళ్ళ పెదనాన్న సన్నాయి వాయించేవాడు. ఆయనకి పేరుండేది. వాళ్ళ నాన్న వెనక కూర్చుని శ్రుతి పట్టేవాడు. అంటే బుగ్గలు పూరించి ముహూర్తం నుంచి అప్పగింతల దాకా ఒక్కటే స్వరం తెగకుండా ఊదడం. ఆయన పేరు ఏ పెళ్ళివారికీ తెలియదు. భోజనం మేళం వాళ్ళందరితో ఆఖరి పంక్తిలో. కొన్నాళ్ళకి శ్రుతి పెట్టె వచ్చింది. మీట నొక్కితే చాలు. మేళంలో ఆయన అవసరం తీరిపోయింది.

ఆడపిల్లని సన్నాయి ముట్టనివ్వలేదు. ఆమె చదువుకుంది. మేం కాలేజీలో కలుసుకున్నాం, పెళ్ళి చేసుకున్నాం. మా వైపు వాళ్ళు రాలేదు. ఆ పెళ్ళికి మేళం వాళ్ళ ఇంటిదే. ఆ ఒక్కరోజు మాత్రం వాళ్ళ నాన్న శ్రుతి పెట్టెని పక్కన పెట్టించి తనే ఊదాడు.

కాన్‌బెరా వచ్చాక ఆమె ఆసుపత్రిలో ఊపిరితిత్తుల పరీక్షలు చేసే ఉద్యోగంలో చేరింది. రోగి చేత ఒక గొట్టంలోకి ఊదించి లెక్క చూసే పని. రోజంతా "బ్లో, బ్లో, కీప్ గోయింగ్, కీప్ గోయింగ్" అంటుండేది. ఇంట్లో కూడా ఆ గొంతే. నేను వేడి కాఫీ ఊదుకుంటుంటే, "చాలదు, ఇంకోసారి ప్రయత్నించండి" అనేది. నవ్వేది కాదు. మనమే నవ్వాలి.

బినియు ఆమెకి దొరికింది ఒక జానపద సంగీతోత్సవంలో. మేం కాగితం పొట్లంలో వేడి చిప్స్ తింటూ నడుస్తున్నాం. ఆమె ఆగిపోయింది.

"ఎవరిదో పెళ్ళి" అంది.

"ఇక్కడ పెళ్ళేమిటి?"

"సన్నాయి వినబడటం లేదూ?"

గుడారాల మధ్య నుంచి పరుగులాంటి నడకతో వెళ్ళింది. ఒక చెట్టు కింద ఇద్దరు ముసలివాళ్ళు. ఒకాయన బొంబార్డ్, రెండో ఆయన బినియు. వాళ్ళ ముందు పాతికమంది ఒకరి చిటికెన వేళ్ళు ఒకరు పట్టుకుని, చేతులు ఊపుతూ గొలుసుగా తిరుగుతున్నారు. ఆమె బొంబార్డ్ ఆయన వైపు చూడలేదు. రెండో మనిషినే చూస్తూ నిలబడింది. పాట అయ్యాక దగ్గరికి వెళ్ళింది. "మా నాన్న ఇలాగే వెనక ఉండేవాడు. నాకు నేర్పుతారా?" అంది.

ఆ బినియు ఆయన రెండేళ్ళు నేర్పి తమ దేశం వెళ్ళిపోయాడు. పోతూ తన వాద్యం ఈమెకే ఇచ్చాడు. అప్పటి నుంచి బొంబార్డ్ పెద్దాయనకి జంట నా భార్య.

ఆదివారాలు మా గ్యారేజీలో సాధన. అది చిన్న శబ్దం కాదు. మొదటి వారమే పక్కింటి ఆయన గోడ మీదుగా, "మేట్, ఏదైనా జంతువు ఇరుక్కుందా?" అని నన్ను అడిగాడు. ఆమె బయటికి వచ్చి, "ఇరుక్కుంది నేనే, కంగారు పడకండి" అంది. తరవాత ఆయనే ఆదివారం మధ్యాహ్నం కుర్చీ వేసుకుని కంచె అవతల కూర్చునేవాడు.

కొత్తవాళ్ళు ఆ వాద్యాన్ని నోటితో వాయించబోతారు. ఆమె ఒప్పుకునేది కాదు. "నోరు సంచి నింపుతుంది, అంతే. పాట మోచేతిలో ఉంది" అనేది. వంటింట్లో పప్పు ఉడుకుతుంటే ఎడమ మోచేయి పక్కటెముకలకి నొక్కుకుంటూ, వదులుతూ నిలబడేది. చంకలో ఏమీ ఉండేది కాదు. ఆ మోచేయి ఊరికే సాధన చేస్తుండేది.

బొంబార్డ్ పెద్దాయన దగ్గర వాళ్ళ ఊరి కథలుండేవి. వాళ్ళ తాత బినియు మనిషి. పెళ్ళికి జనం పిలిచేవాళ్ళు, ఊరేగింపుకి ముందు నడిపించేవాళ్ళు. చర్చి గుమ్మం దగ్గర మాత్రం పాదిరి ఆపేసేవాడట. ఆ తరవాత స్కాట్లండ్ పెద్ద పైపులు వచ్చాయి. కుర్రకారు బృందాలు కట్టి, వరసల్లో నడుస్తూ, డప్పులతో పోటీలు పెట్టుకున్నారు. చూడటానికి గొప్పగానే ఉండేది. వాళ్ళ తాత బినియు అటక మీదికి వెళ్ళింది. ఎలుకలు సంచి కొట్టేశాయి. మళ్ళీ కొందరు మొండివాళ్ళు పట్టుబట్టి ఈ పాత జంట వాయిద్యాన్ని బతికించుకున్నారు. ఆయన ఇది చెబుతుంటే నా భార్య మధ్యలో అంది:

"మాకూ ఒకటి ఉండేది. తిత్తి. తోలుబొమ్మలాటలో, వీధిభాగవతంలో శ్రుతికి పట్టేవాళ్ళు. మేకతోలు సంచి, ఒక గొట్టం. మా నాన్న చిన్నప్పుడు చూశాడు."

"ఇప్పుడెక్కడుంది?" అన్నాడాయన.

"మ్యూజియంలో. అద్దం వెనక. అక్కడికి వెళ్ళిన రోజు నుంచి అది మేకతోలే."

సంఘం సంగతి చెప్పాలి. కొన్నేళ్ళ కిందట ఉగాది సభకి ఆమె తనంతట తనే అడిగింది. బొంబార్డ్, బినియు జంటగా పావుగంట వాయిస్తాం, మన సన్నాయికీ దీనికీ ఉన్న పోలిక చెబుతాం అంది. అప్పటి కార్యవర్గంలో ఒక డాక్టరుగారు ఫోన్ చేశారు.

"మేడమ్, బాగుంది ఐడియా. కానీ ఇది మన కల్చరల్ ప్రోగ్రామ్ కదా. ఫారిన్ ఐటమ్ అంటే మెంబర్స్ ఫీలవుతారు."

"సన్నాయి ఉంటుందా డాక్టరుగారూ ప్రోగ్రామ్‌లో?"

"ఉంటుంది మేడమ్. గణపతి పూజకి స్పీకర్లో వేస్తాం."

చివరికి భోజనాల వేళ వాయించమన్నారు. వాయించారు. జనం పులిహోర కోసం వరసలో ఉన్నారు. వీపులు ఇటు, పళ్ళేలు అటు. కొడుకు దగ్గరికి వీసా మీద వచ్చిన తెనాలి ముసలమ్మ ఒకావిడ మాత్రం పళ్ళెం పట్టుకుని వచ్చి ఎదురుగా నిలబడింది.

"అమ్మాయ్, ఇది ఏ ఊరి మేళం?"

"బ్రెటనీ పిన్నిగారూ."

"అదే జిల్లా?"

"ఫ్రాన్స్‌లో పడమటి జిల్లా."

"అక్కడా పెళ్ళిళ్ళకి వాయిస్తారా?"

"పెళ్ళిళ్ళకే వాయిస్తారు."

"మరి మనదే" అని ఆవిడ అక్కడే నిలబడి తింది.

వాయించడం అయ్యాక ఆమె, పెద్దాయన పళ్ళేలు అందుకోబోయారు. వడ్డన దగ్గరున్న ఒకతను, "మేడమ్, మీరు ఆర్టిస్టులు కదా, ముందు గెస్టులు అయిపోనివ్వండి, ప్లీజ్" అన్నాడు. అతనికి ఏ దురుద్దేశమూ లేదు. అతనికి తెలియదు. తెలియకపోవడమే నాకు కోపం. ఎవరో ఒకరు ఎప్పుడూ తెలియకుండానే ఆ మాట అంటారు. ఆమె పళ్ళెం మళ్ళీ దొంతర మీద పెట్టింది. కారులో ఇంటికి వస్తూ అంది:

"మా నాన్న ఆస్ట్రేలియా వచ్చినా ఆఖరి పంక్తే."

ఇంటికి వచ్చి చారు పెట్టి ముగ్గురికీ వడ్డించింది. పెద్దాయన రెండుసార్లు అన్నం కలుపుకున్నాడు. మళ్ళీ ఆ సంఘాన్ని ఆమె ఏదీ అడగలేదు.

ఇప్పుడు అదే సంఘానికి ఆమె గర్వకారణం అయింది. బతికుండగా ఫారిన్ ఐటమ్. పోయాక మన తెలుగు ఆడపడుచు. వాద్యానికి కూడా అదే గతి పట్టింది. దాని ఊరు తీసేసి వేరే ఊరు తగిలించారు. తాము ఎప్పుడూ వినని వాద్యాన్ని ఇప్పుడు భద్రపరుస్తారట.

కడుపులో క్యాన్సర్ అని తెలిసిన తరవాత కూడా ఆమె చాలా నెలలు వాయించింది. సంచి కడుపుకి ఆనకుండా కాస్త పైకి పట్టుకునేది. బలం తగ్గాక వాయించడం మానేసి నేర్పడం మొదలుపెట్టింది. నేర్చుకోవడానికి వచ్చింది ఊళ్ళో వీధుల వెంట తిరిగే లైట్ రైల్ బండి నడిపే ఒకావిడ. నలభై దాటిన మనిషి, గోల్బర్న్ వైపు పశువుల పాకల మధ్య పెరిగింది. గంగాలిన్ స్టాప్‌లో పెద్దాయన చేతిలో బొంబార్డ్ చూసి, అదేమిటని అడిగి, అలా వచ్చింది. ఆవిడకి స్వరం బాగానే వస్తుంది, మోచేయే రాదు. నా భార్య మంచం మీద నుంచి, "బ్రేకు వేసినట్టు నొక్కకు. ఆవు పొదుగు పట్టుకున్నట్టు పట్టుకో" అంది. ఆవిడ పకపకా నవ్వింది. ఆ పూట మొదటిసారి సంచి ఒక వరస మొత్తం తెగకుండా పలికింది. నా భార్య కళ్ళు మూసుకుని విని, "ఇంకా బాగాలేదు. కానీ తెగలేదు" అంది.

ఆవిడకి సొంత వాద్యం లేదు. ఇలాంటివి అంగళ్ళలో దొరకవు. బ్రెటనీలో చేసేవాళ్ళు కొద్దిమంది, చెప్పి ఎదురుచూడాలి. నా భార్య పోయాక ఆవిడ రాలేదు. అడగడానికి మొహమాటపడిందని పెద్దాయన చెప్పాడు. ఆయనా వాయించడం లేదు. రావలసిన జవాబు లేకుండా ఒక్కడే ఎలా వాయిస్తాడు?

నిన్న కార్యదర్శి ఫోన్ చేశాడు.

"అంకుల్, గ్లాస్ కేస్ వచ్చేసింది. లోపల ఎల్‌ఈడీ లైట్ కూడా పెట్టించాం. ఆంటీ ఫొటో, పక్కన ఆ స్కాటిష్..."

"స్కాటిష్ కాదు."

"అదే అంకుల్, ఆ బ్యాగ్‌పైప్. అందరూ వచ్చినప్పుడల్లా చూస్తారు కదా."

"ఊదకపోతే తోలు ఎండి చీలుతుంది."

"ప్రిజర్వేటివ్ ఏదైనా స్ప్రే చేయిద్దాం అంకుల్. నో వర్రీస్."

"దాన్ని మీరెవరైనా ఎప్పుడైనా విన్నారా?"

"ఆ రోజు విన్నాం కదా అంకుల్. ఫ్యూనరల్‌లో."

అతను మంచివాడు. దహనం రోజు ఎండలో నిలబడి కార్లకి దారి చూపించింది అతనే. రేపు చెబుతానని ఫోన్ పెట్టేశాను. మా అమ్మాయి టేబుల్ అవతల నుంచి నన్ను చూస్తోంది.

"వాట్ విల్ యూ టెల్ దెమ్, డాడ్?"

"ఇవ్వనని."

"దే విల్ బీ హర్ట్."

"అవును."

అది లేచి వెళ్ళి గ్యారేజీలోంచి తోలుకి పట్టించే నూనె డబ్బా తెచ్చి నా ముందు పెట్టింది. ఇద్దరం కూర్చుని సంచికి నూనె పట్టించాం. ఎంత పట్టించాలో మా ఇద్దరికీ తెలియదు. పెద్దాయనకి ఫోన్ చేసి అడిగాం. "తోలు తాగినంత" అన్నాడు.

సంఘం మీద ఎవరూ కోపం తెచ్చుకోవాలని ఇది రాయలేదు. నా కోపం నాకు చాలు. ఆమె బినియు కోజ్ వాయించింది. అది బ్రెటనీది. సన్నాయి మేళంలో శ్రుతి పట్టిన మనిషి కూతురు కాబట్టి దాన్ని గుర్తుపట్టింది. ఆమె గురించి ఒక్క వాక్యమే రాయాలంటే ఈ వాక్యం రాయండి. సభలో చదవాలనుకుంటే ఇదే చదవండి. కిల్టు యువకుణ్ణి మళ్ళీ పిలిచారని విన్నాను. అతన్ని రావద్దనకండి. అతని పాట అతని పేరుతో వాయించనివ్వండి. భోజనం మాత్రం అతనికి ముందు పెట్టండి.

అద్దాల పెట్టె ఖాళీగా ఉంటుంది. లోపల దీపం వెలుగుతూ ఉంటే ఉండనివ్వండి.

సభ మొదలయ్యే వేళకి నేను అక్కడ ఉండను. లైట్ రైల్ ఆవిడకి రేపు డ్యూటీ మధ్యాహ్నం నుంచి. రేపు ఉదయం బినియుని తువ్వాలులో చుట్టి, మా అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని పెద్దాయన ఇంటికి వెళ్తాను. ఆవిడనీ అక్కడికే రమ్మన్నాను. సంచి ఆవిడ చంకలో పెడతాను. ఆవిడ తప్పులు వాయిస్తుంది. వాళ్ళిద్దరూ ఒక పాట చివరిదాకా వాయించేవరకు నేను అక్కడి నుంచి లేవను.